రెండు వ్యవస్థల యంత్రం: ఉత్తరాంధ్ర కళాశాలల నేపథ్యంలో డ్యూయల్ బూట్ చరిత్ర

కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి తెరమీద పని చేసుకోవడానికి వీలు చిక్కేదాకా యంత్రం లోపల వరుసగా జరిగే పనులన్నింటినీ కలిపి బూటింగ్ అంటారు. ఆ వరుసలో ఒకచోట, డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే యంత్రంలోని భాగాలన్నింటి చేత పని చేయించే మూల సాఫ్ట్‌వేర్‌కు, పెత్తనం దక్కుతుంది. ఒకే డిస్కులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను వేర్వేరు భాగాల్లో నిలిపి, యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఆ పెత్తనం దేనికి దక్కాలో వాడేవారే తేల్చుకొనే ఏర్పాటుకు డ్యూయల్ బూట్ అని పేరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఒక తరం విద్యార్థులకు ఇది ఆచారంగా స్థిరపడింది. తయారీదారు ఒక వ్యవస్థతో యంత్రాన్ని అమ్ముతాడు, విద్యార్థికి చదువుకోసమో ఇష్టంకొద్దీనో మరొకటి కూడా కావాలి. ఆ రెండోదానికి తయారీదారు డ్రైవర్లు, అంటే యంత్ర భాగాల చేత ఆ వ్యవస్థ కింద పని చేయించే ప్రోగ్రాములు, ఇవ్వడు, అది పని చేయకపోతే బాధ్యత వహించడు. మద్దతు లేని వ్యవస్థ అంటే ఇదే. ఈ ఆచారం చరిత్రలో గట్టిగా పట్టించుకోవలసిన మలుపు ఒకటుంది. మొదట్లో ఏ యంత్రం కొన్నా, కొన్న తరువాత దాన్ని తనకు కావలసినట్టు మలచుకొనే వెసులుబాటు కొన్నవారికి మిగిలి ఉండేది. కాలం గడిచేకొద్దీ ఆ వెసులుబాటు కొనుగోలుకు ముందరి దశకు జరిగిపోయి, ఏ ల్యాప్‌టాప్ ఎంచుకోవాలన్న ప్రశ్న దగ్గరే అంతా తేలిపోయే స్థితి వచ్చింది. గేమింగ్ ల్యాప్‌టాప్ విషయంలో ఈ మార్పు అన్నిటికంటే స్పష్టంగా కనబడుతుంది.

ఈ ఆచారం నాటుకున్న ప్రాంతంలో, విజయనగరం జిల్లాలోని గరివిడికి యంత్రాలు కొత్త కాదు. ఆ పరిసరాల్లోని కోడూరు, గర్భాం గనులు మాంగనీసు ఖనిజానికి ప్రసిద్ధి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైనది ఈ ప్రాంతంలోనే.  స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల రెండో సగంలో, గరివిడి చెంతనున్న శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఫెర్రోమాంగనీసు కర్మాగారాన్ని నెలకొల్పింది. ఫేకర్‌గా పేరుపడిన ఆ సంస్థ చుట్టూ హౌరా–చెన్నై రైలు మార్గం పక్కన ఒక పారిశ్రామిక పట్టణమే ఏర్పడింది. తరువాతి తరానికి కొలిమి స్థానంలో కంప్యూటర్ ల్యాబ్ వచ్చింది. 1997లో విజయనగరంలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్‌ఐటీ కళాశాలలు, 2007లో విజయనగరంలోనే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. గరివిడిలో కూడా సెయింట్ థెరిస్సా ఇంజినీరింగ్ కళాశాల వెలసింది. 2007–08 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం అమలులోకి రావడంతో, అంతకుముందు ఇంజినీరింగ్ చదువు ఊహకు కూడా అందని పల్లె కుటుంబాల పిల్లలు ఈ కళాశాలల్లో చేరారు. డ్యూయల్ బూట్ ఆచారం ఈ ప్రాంతంలో వేళ్ళూనుకున్నది వీళ్ళ చేతుల్లోనే.

అయితే ఆచారానికి ఆధారమైన సాంకేతిక ఏర్పాటు అంతకు పాతికేళ్ళ ముందే పుట్టింది. 1983 మార్చిలో ఐబీఎం సంస్థ పీసీ ఎక్స్‌టీ అనే యంత్రాన్ని 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో, పీసీ డాస్ 2.0 వ్యవస్థతో విడుదల చేసింది. ఆ డిస్కు మొట్టమొదటి గడిలో, అంటే తొలి 512 బైట్లలో, మాస్టర్ బూట్ రికార్డ్ అనే చిన్న ప్రోగ్రామును, దాని వెంట పార్టిషన్ పట్టికను ఉంచారు. పార్టిషన్ అంటే డిస్కును గట్లు వేసి విడదీసిన భాగం. ఆ పట్టికలో నాలుగు భాగాల వివరాలకే చోటుంది, అందుకు కేటాయించినవి 64 బైట్లు, ప్రోగ్రాముకు మిగిలినవి 446 బైట్లు. నాలుగు భాగాలు ఎందుకంటే, ఆనాటికి డాస్‌తో పాటు సీపీ/ఎం-86, జెనిక్స్ వంటి ఇతర వ్యవస్థలు కూడా వాడుకలో ఉండడం వల్ల, ఒకే డిస్కును అవి పంచుకొనే అవసరాన్ని ఐబీఎం ఇంజినీర్లు ముందే గుర్తించారు. ఈ విషయం చాలామంది గమనించరు. ఒకే యంత్రంలో పలు వ్యవస్థలుండటం తరువాతివాళ్ళు దొడ్డిదారిన కనిపెట్టిన ఉపాయం కాదు, పీసీ డిస్కు నిర్మాణంలోనే మొదటి నుంచీ ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన సౌకర్యం.

ఆ సౌకర్యానికి ఒక ఇరకాటం కూడా తోడుగా వచ్చింది. డిస్కులో భాగాలు నాలుగున్నా తొలి గడి ఒక్కటే కాబట్టి, రెండు కుటుంబాలున్న ఇంటికి వీధి తలుపు ఒకటే ఉన్నట్టు, ఎవరు చివరగా వస్తే వారి తాళమే ఆ తలుపుకు పడేది. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన మరుసటి ఏడే వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో, 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ అనే బూట్‌లోడర్లు, అంటే ఏ వ్యవస్థ కావాలో అడిగి దానికి పెత్తనం అప్పగించే చిన్న ప్రోగ్రాములు, ఇతర వ్యవస్థలను కూడా తమ పట్టికలో చూపే మర్యాద పాటించేవి. విండోస్ మాత్రం ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ తొలి గడిని తన ప్రోగ్రాముతో తిరగరాసేది. అందువల్ల ముందు విండోస్, ఆపైన లినక్స్ అన్న క్రమం సూత్రంగా నిలిచిపోయింది. ఆ క్రమం తప్పి విండోస్‌ను మళ్ళీ ఫార్మాట్ కొట్టించిన వారికి మరునాడు లినక్స్ కనబడేది కాదు. డిస్కులో అది భద్రంగానే ఉన్నా దానికి దారి మాత్రం మూసుకుపోయేది.

లినక్స్ ఈ ప్రాంతానికి చేరిన దారి సీడీల ద్వారానే సాగింది. దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చినా, టెలిఫోన్ తీగ మీద వందల మెగాబైట్ల వ్యవస్థను దించుకోవడం జిల్లా పట్టణాల్లో అయ్యే పని కాదు. పీసీక్వెస్ట్ పత్రిక 1990ల రెండో సగం నుంచి తన సంచికలతో లినక్స్ సీడీలు పంచింది. 2003 ఫిబ్రవరిలో మొదలైన లినక్స్ ఫర్ యూ పత్రిక ఆ పనినే తన ప్రధాన వ్రతంగా పెట్టుకుంది. ఉబుంటు లినక్స్‌ను తయారు చేసే కానానికల్ సంస్థ షిప్‌ఇట్ అనే పథకం కింద, అడిగినవారి చిరునామాకు తపాలా ఖర్చు కూడా తీసుకోకుండా సీడీలు పంపి, 2011 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ముగించింది. అలా వచ్చిన ఒక్క సీడీ హాస్టల్ గదుల వెంట తిరిగి ఎన్ని యంత్రాల్లోకి చేరేదో లెక్క కట్టే అవసరం లేదు; సాఫ్ట్‌వేర్‌ను ధర్మంగా, చట్టబద్ధంగా పక్కవాడికి ఇచ్చుకోవచ్చునన్న ఎరుక చాలామంది విద్యార్థులకు మొదట కలిగినది అక్కడే.

అవసరం పాఠ్యక్రమం నుంచి కూడా వచ్చింది. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో యూనిక్స్, లినక్స్ ప్రోగ్రామింగ్ చాలాకాలంగా బోధనాంశాలు. 2008లో కాకినాడ జేఎన్‌టీయూ ప్రత్యేక విశ్వవిద్యాలయమైన తరువాత 2010 నాటి నిబంధనల్లో ఫ్రీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ల్యాబ్ అనే ప్రయోగ పాఠమే చేరింది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడేవరకు ఉత్తరాంధ్రలోని జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలు ఆ కాకినాడ విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండేవి. వీఐ ఎడిటర్, షెల్ స్క్రిప్టులు, ప్రాసెస్‌ల మీద అభ్యాసాలు ల్యాబ్ గంటల్లో పూర్తయ్యేవి కావు, ఇంటి దగ్గరా హాస్టల్లోనూ అభ్యాసం చేయాలంటే సొంత సిస్టమ్‌లో లినక్స్ ఉండాలి, సినిమాలూ ఆటలూ విండోస్‌లోనే ఉన్నాయి; కాబట్టి రెండూ ఒకచోట ఉండక తప్పలేదు. డిస్కును విడదీయాలంటే భయపడే కొత్తవారి కోసం ఉబుంటు 2008 ఏప్రిల్‌లో వూబీ అనే ఏర్పాటు తెచ్చింది. దానితో లినక్స్ మొత్తం విండోస్ డ్రైవులో ఒక పెద్ద ఫైలుగా ఇమిడిపోయేది, నచ్చకపోతే మామూలు సాఫ్ట్‌వేర్ లాగానే తీసేయవచ్చు. మొదటిసారి ధైర్యం చేసినవారికి అది పెద్ద ఊరట.

ఆనాటి యంత్రాల్లో చాలావరకు అసెంబుల్డ్ సిస్టమ్‌లు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు విడివిడిగా కొని బిగించుకొనే ఆ పద్ధతిలో, ఏ భాగమైనా లినక్స్‌కు పడకపోతే ఆ ఒక్క భాగాన్నే మార్చుకుంటే సరిపోయేది. మద్దతు లేదన్న మాటకు అప్పట్లో అంత బరువు లేకపోవడానికి కారణం ఇదే.

తెలుగు విషయానికి వస్తే, ఈ రెండు వ్యవస్థల మధ్య పోటీ మరో రూపం దాల్చింది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం దక్కినా, వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చొనేలా తెరమీద చూపించే పని ఆపరేటింగ్ సిస్టమ్ చేయాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది గాని, దాన్ని మేల్కొలపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఎంచుకొని, విండోస్ సీడీని మళ్ళీ డ్రైవులో పెట్టవలసి వచ్చేది. లినక్స్ వైపు ఆ పని ఉత్సాహవంతుల శ్రమతో సాగింది: కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు ఉచితంగా అందాయి, హైదరాబాదు కేంద్రంగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలై తరువాత స్వేచ్ఛగా పేరు మార్చుకున్న సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెలువరించింది. మెనూలు, ఆదేశాలు తెలుగులో కనబడే ఆ వ్యవస్థ మీద పని చేసినవారిలో విద్యార్థులే ఎక్కువ. 2007లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా తెలుగును కలుపుకొనే వచ్చింది. పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడు విండోస్ 7 స్టార్టర్, బాస్ లినక్స్ రెండింటినీ ఒకే యంత్రంలో పెట్టి ఇచ్చింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళకు డ్యూయల్ బూట్ అలా ప్రభుత్వ కానుకగా చేరింది. హాస్టల్ గదుల్లో పుట్టిన ఆచారానికి ఒక ప్రభుత్వం ఇచ్చిన ఈ గుర్తింపు చిన్నది కాదు. ఆపిల్ మాత్రం ఆలస్యంగా మేల్కొని, 2011 నాటి లయన్ వ్యవస్థతో గాని తన కంప్యూటర్లలో తెలుగు ఫాంట్లు చేర్చలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి చెందిన ఒక కూర్పు తెరమీద పడగానే ఆపిల్ ఫోన్లూ కంప్యూటర్లూ కుప్పకూలిన సంగతి ప్రపంచమంతా మారుమోగి, ఆ నెల 19న సవరణ వచ్చింది.

అసెంబుల్డ్ సిస్టమ్ స్థానాన్ని ల్యాప్‌టాప్ ఆక్రమించడంతో మొదటి ఇబ్బందులు మొదలయ్యాయి. ధర తగ్గించడానికి కంపెనీలు విండోస్ లేకుండా, 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఫ్రీడాస్ అనే చిన్న వ్యవస్థతోనో లినక్స్‌తోనో భారతదేశంలో కొన్ని ల్యాప్‌టాప్‌లను అమ్మాయి, కొన్నవారు వాటిలో తమకు కావలసినది వేసుకున్నారు. విండోస్‌తోనే వచ్చిన యంత్రాల్లో మరో చిక్కు ఉండేది: పార్టిషన్ పట్టికలోని నాలుగు స్థానాలనూ తయారీదారే రికవరీకి, తన పరికరాలకు, విండోస్‌కు వాడేయడంతో, డిస్కులో వందల గిగాబైట్లు ఖాళీగా ఉన్నా లినక్స్‌కు స్థానం దొరికేది కాదు. గడియారం విషయంలోనూ ఒక తగవుంది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక కాలమని విండోస్ భావిస్తుంది, అంతర్జాతీయ కాలమని లినక్స్ భావిస్తుంది; భారత కాలమానం దానికి అయిదున్నర గంటలు ముందుండడం వల్ల, లినక్స్ వాడి విండోస్‌కు మారినవారికి రాత్రి ఎనిమిదిన్నరకు తెరమీద మధ్యాహ్నం మూడు గంటలు కనబడేది. దీన్ని సరిచేయడానికి ఒక్క ఆదేశం చాలు గాని, సంగతి తెలిసేదాకా మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందనుకొని మార్పించినవారు తక్కువేమీ కాదు.

అసలు మార్పు 2012లో వచ్చింది. యంత్రం మేల్కొన్న తొలి క్షణాల్లో పని చేసే బయోస్ అనే పాత ఏర్పాటు స్థానంలో, ఇంటెల్ 1990ల చివర ఇటానియం యంత్రాల కోసం మొదలుపెట్టి 2005 నుంచి యూఈఎఫ్ఐ ఫోరం నిర్వహిస్తున్న యూఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటు సర్వత్రా వ్యాపించింది. దాని వల్ల జరిగిన మేలు ముందు చెప్పాలి. తొలి గడికోసం కొట్లాట పోయింది. డిస్కులో ప్రత్యేకంగా ఒక చిన్న పార్టిషన్ ఏర్పడి, ప్రతి వ్యవస్థా తన బూట్‌లోడర్‌ను అందులో తన ఫోల్డరులో ఉంచుకొనే వీలు కలిగింది. జీపీటీ అనే కొత్త పట్టికలో నాలుగుకు బదులు 128 భాగాలకు చోటు దొరికింది. అయితే 2012 అక్టోబరులో విండోస్ 8 వెంట సెక్యూర్ బూట్ కూడా వచ్చింది. గుర్తింపు పొందిన డిజిటల్ సంతకం లేని బూట్‌లోడర్‌ను యంత్రం నిరాకరించడం దాని సారం; ఆ సంతకపు తాళాలు దాదాపు అన్ని పీసీల్లోనూ మైక్రోసాఫ్ట్‌వే. వైరస్‌లు బూట్ దశలోనే చొరబడకుండా ఆపడానికి అది నిజంగా పనికొస్తుంది, కాని కొన్నవాడి యంత్రంలో ఏది నడవాలో నిర్ణయించే అధికారం అతని చేతిలోంచి జారిపోయే ప్రమాదం అందులోనే ఉంది. మాథ్యూ గారెట్ రాసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ సంతకం సంపాదించి, దాని ద్వారా లినక్స్‌ను నడిపించే మార్గం కొద్ది నెలల్లోనే ఏర్పడింది. విండోస్ 8 నాటి నిబంధనలు సెక్యూర్ బూట్‌ను వాడేవారు ఆపుకొనే వీలు పీసీల్లో తప్పక ఉండాలన్నాయి. 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఆ వీలు ఉంచాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టానికి వదిలేశారు. ఏ ల్యాప్‌టాప్ కొంటున్నారన్నది నిర్ణయాత్మకమైనది అక్కడి నుంచే.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఈ ఇరకాటం రెట్టింపైంది. ఆటల్లోని దృశ్యాలను వేగంగా గీయడానికి శక్తిమంతమైన గ్రాఫిక్స్ చిప్ కావాలి, అది బ్యాటరీని తాగేస్తుంది. అందుకని ఎన్‌విడియా 2010 ఫిబ్రవరిలో ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. మామూలు పనులకు ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ పని చేస్తుంది, ఆట మొదలైనప్పుడు ఎన్‌విడియా చిప్ మేల్కొని తాను గీసిన బొమ్మను ఇంటెల్ చిప్ ద్వారానే తెరకు పంపుతుంది. విండోస్‌లో ఇదంతా తెరచాటున జరిగిపోతుంది. లినక్స్‌లో తొలి రోజుల్లో అధికారిక మార్గమే లేక, 2011లో బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు పుట్టింది. 2012లో టోర్వాల్డ్స్ ఫిన్లండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ సభలో ఎన్‌విడియాను బహిరంగంగా, పరుషంగా నిందించడానికి వెనక ఈ చేదు అనుభవాలే ఉన్నాయి. 2019లో ఆ కంపెనీ డ్రైవర్‌లోనే రెండు చిప్‌లకూ పని పంచే సౌకర్యం వచ్చింది, 2022 మేలో ట్యూరింగ్ తరం నుంచి ఇటువైపు చిప్‌లకు కెర్నల్ డ్రైవర్ల మూలపాఠాన్ని కంపెనీ బయటపెట్టింది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. నేటి లినక్స్ విద్యార్థికి ఎన్‌విడియా అడ్డంకి కాదు, ఆకర్షణ. 2007లో వచ్చిన ‘కూడా’ (CUDA) అనే ఏర్పాటు వల్ల ఆ చిప్‌లతో మెషిన్ లెర్నింగ్ లెక్కలు వేయవచ్చు, ఆ లెక్కలకు లినక్స్ అనువైన నేల, గేమింగ్ ల్యాప్‌టాప్ ఆ విధంగా ఆటవస్తువుగా ఇంటికి వచ్చి ప్రయోగశాలగా మారుతుంది.

మద్దతు లేని వ్యవస్థల్లో అత్యంత కఠినమైనది మాత్రం ఆపిల్ వారి మాక్ ఓఎస్. 2005 జూన్ 6న ఆపిల్ తన కంప్యూటర్లను ఇంటెల్ ప్రాసెసర్ల మీదికి మారుస్తున్నట్టు ప్రకటించి, 2006 జనవరిలో తొలి ఇంటెల్ మాక్‌లను విడుదల చేసింది. ప్రాసెసర్ ఒకటే అయ్యాక, ఆ వ్యవస్థను మామూలు పీసీలో నడిపించాలన్న కోరిక పుట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. అలా నడిచే పీసీకి హాకింటాష్ అని పేరొచ్చింది. మాక్‌లలో ఉండే ఒక ప్రత్యేక చిప్‌లోని తాళం లేకపోతే ముఖ్యమైన ప్రోగ్రాములు తెరుచుకోకుండా ఆపిల్ కట్టడి చేసింది, ఆ కాపలా ఫైలుకు మాక్ ఓఎస్‌ను దొంగిలించవద్దని అర్థమిచ్చే పేరే పెట్టింది. లైసెన్సు ఒప్పందం కూడా ఆపిల్ ముద్ర ఉన్న యంత్రాలకే వ్యవస్థను పరిమితం చేస్తుంది. ఇటువంటి పీసీలను 2008 ఏప్రిల్ నుంచి అమ్మకానికి పెట్టిన ఫ్లోరిడా కంపెనీ సైస్టార్‌పై ఆపిల్ దావా వేయగా, 2009 నవంబరులో జడ్జి విలియం ఆల్సప్ ఆపిల్ పక్షాన తీర్పిచ్చాడు, 2011లో పై కోర్టు దాన్ని సమర్థించింది. ఇంట్లో సొంతానికి ప్రయోగం చేసేవారి జోలికి ఆపిల్ అంతగా పోకపోయినా ఒప్పందం మాత్రం వారికీ వర్తిస్తుంది. అదే ఆపిల్ 2006 ఏప్రిల్ 5న బూట్ క్యాంప్ విడుదల చేసి, తన మాక్‌లలో విండోస్‌ను పక్కన నిలుపుకోవడానికి తానే దారి చూపింది.

తొలి హాకింటాష్ రోజుల్లో వ్యవస్థనే చెక్కి మార్చేవారు. తరువాత క్లోవర్, 2019లో ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్లు వచ్చి, ఆపిల్ ఫైళ్ళను ముట్టుకోకుండా, పీసీయే మాక్ అన్న భ్రమను బూట్ దశలో కల్పించే పద్ధతిని స్థిరపరిచాయి. ఆ భ్రమకు హద్దులున్నాయి, ల్యాప్‌టాప్ ఎంపిక విద్యగా మారింది ఆ హద్దుల దగ్గరే. 2018 సెప్టెంబరు నాటి మొహావే అనే మాక్ ఓఎస్ నుంచి కొత్త తరాల ఎన్‌విడియా చిప్‌లకు డ్రైవర్లు ఆగిపోయాయి, 2021 నాటి మాంటరేలో పాతవాటికీ తొలగిపోయాయి. కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో మాక్ ఓఎస్ నడవాలంటే, కొన్నవారు అధిక ధర పోసిన ఆ ఎన్‌విడియా చిప్‌ను బూట్ సమయంలోనే ఆర్పివేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ మీద ఆధారపడవలసిందే. ఆ ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా పదో తరం వరకే పనికొస్తుంది, పదకొండో తరంలోని ఐరిస్ ఎక్స్‌ఈకి ఆపిల్ డ్రైవర్ లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం నేరుగా ఎన్‌విడియా చిప్‌కే కలిపి ఉంటుంది, అటువంటి యంత్రానికి మాక్ ఓఎస్‌లో బయటి మానిటర్ వెలగదు. ఈ సంగతి ప్రకటనల్లో ఎక్కడా రాయరు. శామ్‌సంగ్ పీఎం981 వంటి కొన్ని ఎస్‌ఎస్‌డీలు వ్యవస్థను కూల్చివేస్తాయి. ఇంటెల్ వైఫై కార్డులకు ఆపిల్ మద్దతు లేక, కార్డు విప్పి బ్రాడ్‌కామ్ కార్డు బిగించేవారు. స్వచ్ఛంద డ్రైవర్లు వచ్చాక ఆ బాధ కొంత తీరినా, కార్డును బోర్డుకే అతికించిన కొత్త యంత్రాల్లో మార్పిడి అసలే కుదరదు. మాక్ ఓఎస్‌కు అడ్డుపడే సీఎఫ్‌జీ లాక్ అనే బయోస్ అమరికను డెస్క్‌టాప్ బోర్డుల్లో సులువుగా మార్చవచ్చు, ల్యాప్‌టాప్‌లలో దాన్ని సాధారణంగా మెనూలోంచి దాచేస్తారు. గేమింగ్‌కు మేలైన యంత్రం, మాక్ ఓఎస్‌కు మేలైన యంత్రం వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయని ఈ వివరాలన్నీ చూస్తే అర్థమవుతుంది. రెండూ ఒకదానిలోనే కావాలన్నవారు ఎనిమిది నుంచి పది తరాల ఇంటెల్ ప్రాసెసర్, అంతర్గత గ్రాఫిక్స్‌కు కలిసిన హెచ్‌డీఎంఐ, విప్పగలిగిన వైఫై కార్డు ఉన్న నమూనాను వెతుక్కున్నారు.

ఆటల వైపు నుంచి చూస్తే లినక్స్ స్థితి చాలా మెరుగైంది. వాల్వ్ సంస్థ 2013 ఫిబ్రవరిలో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చి, 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే పొరను జోడించాక విండోస్ ఆటలు అనేకం లినక్స్‌లోనే నడుస్తున్నాయి. మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ లోతుల్లో దించే వాలరెంట్ వంటి పోటీ ఆటలు మాత్రం విండోస్‌నే కోరతాయి, విండోస్ 11లో సెక్యూర్ బూట్‌నూ కోరతాయి. సెక్యూర్ బూట్ ఆపితే ఆ ఆట ఆగుతుంది, ఆపకపోతే ఎన్‌విడియా డ్రైవర్‌కు విద్యార్థి తానే సంతకపు తాళం తయారు చేసి యంత్రంలో నమోదు చేయవలసి రావచ్చు. డ్యూయల్ బూట్ చేసేవారు నేర్చిన కొత్త పాఠాల్లో ఇదొకటి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వల్ల యంత్రం పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తుంది కాబట్టి విండోస్ డ్రైవులో లినక్స్ రాయలేకపోవడం, బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కు పార్టిషన్ మారగానే రికవరీ కీ అడగడం, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అమరికలో ఉన్న ఎస్‌ఎస్‌డీ లినక్స్ ఇన్‌స్టాలర్‌కు కనబడకపోవడం మిగతావి.

2020 జూన్‌లో ఆపిల్ తన సొంత ప్రాసెసర్లకు మారుతున్నట్టు ప్రకటించింది. 2025లో వచ్చిన టాహో ఇంటెల్ యంత్రాలకు చివరి మాక్ ఓఎస్ అని ఆ సంస్థే తెలిపింది. హాకింటాష్ దారి అక్కడితో ముగుస్తోంది. అదే కాలంలో ఆసాహి లినక్స్ బృందం ఆపిల్ కొత్త చిప్‌ల మీద లినక్స్‌ను నడిపించి 2022 మార్చిలో తొలి విడుదల చేసింది. పీసీల్లో 2017 నాటి ఏడో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి కథ విచిత్రమైనది: విండోస్ 7కు అవి మరీ కొత్తవని, విండోస్ 11కు మరీ పాతవని మైక్రోసాఫ్ట్ రెండు వైపులా తలుపు వేసింది, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు ఆపింది. చక్కగా పని చేస్తున్న ఆ యంత్రాలకు దీర్ఘకాలానికి మిగిలిన నిలువ నీడ లినక్స్.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవారిలో తెలిసినవారు పాటించే పద్ధతి ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్, అంటే డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే వ్యవస్థ, వెంట తీసుకువెళ్ళి, దుకాణంలోనే యంత్రాన్ని దానితో ఆన్ చేయించి, వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, తెర వెలుగు, రెండో గ్రాఫిక్స్ చిప్ పని చేస్తున్నాయో లేదో చూసుకుంటారు. విజయనగరం, విశాఖపట్నం దుకాణాల్లో కొన్నప్పుడు అడిగి ఒప్పించగలిగిన ఈ పరీక్ష ఆన్‌లైన్ కొనుగోలులో సాధ్యపడదు. అప్పుడు ఆధారం పెట్టె మీది పూర్తి మోడల్ సంఖ్య ఒక్కటే. పేరు ఒకటే అయిన ల్యాప్‌టాప్ భారతదేశంలో వేర్వేరు వైఫై కార్డులతో, వేర్వేరు తెరలతో, మక్స్ స్విచ్ ఉన్నదిగానూ లేనిదిగానూ అమ్ముడవుతుంది, ఆ తేడాలు సంఖ్య చివరనున్న రెండు మూడు అక్షరాల్లోనే తెలుస్తాయి. మక్స్ స్విచ్ అంటే తెరను ఏ గ్రాఫిక్స్ చిప్‌కు కలపాలో మార్చే మీట. సాధారణంగా బూట్ క్షణంలోనే ఆ నిర్ణయం జరుగుతుంది కాబట్టి, లినక్స్‌తో పని చేయదలచినవారు ఆ మీట బయోస్ మెనూలో ఉందా, విండోస్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉందా అన్నది డబ్బు కట్టక ముందే తెలుసుకోవాలి.